రద్కా మేడమ్ ఇనుప గుండు

2023, మే నెల. గల్ఫ్‌లో, రుసైల్ పారిశ్రామికవాడలోని ఒక చిన్న వర్క్‌షాపులో నేను టర్నర్‌ని. లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, దాని మీద నాది పద్దెనిమిదేళ్ళ పని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా జగిత్యాల గ్రంథాలయంలోనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, వెడల్పాటి భుజాలున్న ఒకావిడ వచ్చి సంచిలోంచి ఇనుప గుండు తీసి బల్ల మీద పెట్టింది. స్పానర్లు గలగలమన్నాయి.

"అన్నా, ఫిరంగి గుండు తెచ్చింది. ఎవని మీదికి యుద్ధమో అడుగు," అన్నాడు పక్క మిషన్ నర్సయ్య.

"షాట్‌పుట్ రా తమ్మీ. ఆడోళ్ళది నాలుగు కిలోలు ఉండాలె," అన్నాను. అదీ గ్రంథాలయంలో చదివిందే. ఆమెకూ ఇంగ్లీషులో అదే చెప్పాను.

"ఉండాలి. పదకొండు గ్రాములు తక్కువుంది," అందామె.

పేరు రద్కా. బల్గేరియా దేశస్థురాలు, ఇక్కడికి దగ్గర్లోని సీబ్‌లో వ్యాయామ టీచరు. పదమూడో ఏట మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళుగా గుండు విసురుతోంది. సొంత దేశంలో పతకాలున్నాయి, బయటి పోటీల్లో ఒక్కసారీ ఫైనల్ చేరలేదు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లయ్యాయి. ఈ గుండు ఆమె మొదటి కోచ్ ఇచ్చింది. తుప్పు గీకీ గీకీ అరిగిపోయింది. కిందటేడు పోటీకి ముందు తూకంలో అధికారులు దాన్ని పక్కన పెట్టేశారు. వేరే గుండుతో విసిరితే మూడు త్రోలూ ఫౌల్. ఈసారి తన దేశపు పోటీల్లో ఆఖరిసారి విసిరి మానేస్తుంది, అదీ ఈ గుండుతోనే. బుధవారం సాయంత్రం ఫ్లైట్.

పని తేలికే అనిపించింది. ఇనుముకంటే సీసం బరువు. గుండుకు రంధ్రం చేసి, సీసం పోసి, పైన ఇనుప బిరడా బిగించాను. స్టోర్స్‌లోని డిజిటల్ తూకం మీద నాలుగు కిలోల మూడు గ్రాములు. అక్కడ ఆగాల్సింది. మా పనిలో మెరుపు లేని ముక్క గడప దాటదు. ఎమరీ కాగితంతో గీకి, బఫింగ్ చక్రం మీద అద్దంలా మెరిపించాను.

మంగళవారం ఆమె దాన్ని మెడ దగ్గర ఆనించుకుని వేళ్ళు మార్చి మార్చి పట్టుకుంది.

"ఇది ఎవరిది?" అంది. "వేళ్ళ కింద జారిపోతోంది."

తూచాను. ఎనిమిది గ్రాములు తక్కువ. వెంట్రుక మందం కూడా తియ్యలేదు, కానీ గుండు చుట్టూ తీశాను. సీసం బరువు గురించి చదివిన నాకు ఈ లెక్క తట్టలేదు.

"తప్పు నాది మేడమ్. కొత్తది చేసిస్తాను," అన్నాను.

"కొత్తది కొనుక్కోలేక రాలేదు. దీన్నే బాగుచెయ్యి."

రెండో రంధ్రం చేసి, ఈసారి సీసం కావాలనే ఎక్కువ పోశాను. ఆమె స్టూలు లాక్కుని గరుకు ఎమరీతో తనే రుద్దడం మొదలుపెట్టింది. కొంచెం రుద్దడం, మెడ దగ్గర పెట్టి చూడడం, నాకివ్వడం. నేను తూచి చెప్పడం. నర్సయ్య మూడుసార్లు చాయ్ తెచ్చాడు.

"మేడమ్, చేతులు నొయ్యవా?" అని హిందీలో అడిగాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"ఒక్క అంగుళం కోసం ఏళ్ళు ఏళ్ళు పెట్టాను. ఒక పూట పెట్టలేనా?"

డ్యూటీ ముగిసే వేళకు నాలుగు కిలోల రెండు గ్రాములు. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళు సర్దుకుంది. "ఇది నాది," అంది.

వారం తర్వాత ఫోనుకు ఫొటో వచ్చింది. గుండు మీద తూకంలో నెగ్గినట్టు అధికారులు పెట్టిన పచ్చ రంగు చుక్క. కింద రెండు ముక్కలు: "ఐదో స్థానం. ఆఖరి త్రోయే అన్నిటికంటే దూరం."

ఇప్పుడు పాత ముక్క ఏది వచ్చినా, తెచ్చినవాళ్ళ చేతికే ముందు ఇచ్చి, ఎలా పట్టుకుంటారో చూపించమంటాను. మొన్న ఒక డ్రైవరు అరిగిన గేర్ పిడి తెచ్చాడు. నర్సయ్య దాన్ని తీసుకుని బఫింగ్ చక్రం వైపు నడిచాడు. నేను నోరు తెరిచేలోగా తనే ఆగి వెనక్కి తిరిగాడు.

"అడుగుతున్న అన్నా, అడుగుతున్న," అన్నాడు.