బారి దాకా వెళ్లిన గొట్టం

మా పజార్జిక్ ఊళ్లో గెనొవేవా అంటే వీధి వీధంతటికీ మిరపకాయలే గుర్తొస్తాయి. బట్టల మిల్లులో కుట్టుపని చేసి రిటైరైంది. ఎండలు తగ్గాయంటే వాకిట్లో చుష్కోపెక్ పెట్టుకుని కూర్చుంటుంది. అదొక కరెంటు గొట్టం. లావుపాటి ఎర్ర మిరపకాయను నిలువునా అందులోకి దించితే కాసేపట్లో తొక్క నల్లగా కాలి ఊడొస్తుంది. ఆవిడ ఒక మాట పడదు, ఒక కాయ మాడనివ్వదు.

ఇటలీలో ఉన్న చెల్లెలు వియోలీనా దగ్గరికి బయల్దేరినప్పుడు, బట్టలు తగ్గించుకుని మరీ ఆ గొట్టాన్ని పెట్టెలో సర్దింది. వియోలీనా బారిలో సిన్యోర్ ఉబాల్దో అనే ముసలాయన ఇంట్లో ఉండి ఆయన్ని చూసుకుంటుంది. ఆయనకు మోకాళ్లు పోయాయి గాని నోరు పోలేదు. అక్కని రానివ్వడానికే వారం సణిగాడు.

"ఇక్కడ ఏదైనా పాడుచేశావో, నా ఉద్యోగం ఊడుతుందక్కా," అని చెల్లెలు గుమ్మంలోనే చెప్పింది.

గొట్టం ప్లగ్గు పుల్లలు లావు, ఇటలీ గోడకున్న బెజ్జాలు సన్నం. చెల్లెలు బజారుకెళ్లగానే గెనొవేవా ప్లగ్గు వరకు ఫోటో తీసుకుని కింది కొట్టుకు దిగింది. కొట్టువాడు ఫోటో చూసి, తన ఫోను పైకెత్తి, దీనికేనా అన్నట్టు కళ్లెగరేశాడు. కాదని చెప్పడానికి గెనొవేవా తల పైకీ కిందికీ ఊపింది. మా దేశంలో కాదనడం అలాగే, అవునంటే అడ్డంగా ఊపుతాం. ఆ సంగతి వాడికేం తెలుసు? ఫోనుకు సరిపోయే బక్క అడాప్టర్ ఒకటి చేతిలో పెట్టాడు.

గొట్టం ఎర్రగా కాగింది. కాయలు బ్రహ్మాండంగా కాలుతున్నాయి. ముందుగదిలో పెద్దాయన తన కరెంటు కుర్చీ మీట నొక్కాడు. అది మెల్లగా పైకి లేచి మనిషిని నిలబెడుతుంది. సగం లేచిందో లేదో, వంటింట్లో అడాప్టర్ కరిగి, టప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది.

వియోలీనా సంచులతో వచ్చేసరికి ఇల్లంతా ప్లాస్టిక్ కంపు. పెద్దాయన ఎవరికో దండం పెట్టబోయి ఆగిపోయినట్టు ముందుకు వంగి ఉన్నాడు. ఆయన జారిపోకుండా అక్క చంకల కింద చేతులు వేసి పట్టుకుని ఉంది. ముందు ఆయన్ని మంచం మీదికి చేర్చి, తరవాత అక్క పని పట్టింది వియోలీనా.

"అది ఎంత కరెంటు మోస్తుందో దాని వీపు మీదే రాసుంటుంది కదక్కా. ఫోను కోసం చేసినదానికి పొయ్యి తగిలిస్తావా?"

"ఫోనుకు కాదని వాడితో చెప్పానే."

"ఎలా చెప్పావు?"

గెనొవేవా తల ఊపి చూపించింది. వియోలీనా నుదురు కొట్టుకుంది.

భోజనంలోకి వేరే ఏమీ వండలేదు. కాలిన కాయలకే గెనొవేవా తొక్క తీసి, వెల్లుల్లి, వెనిగర్ కలిపి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన ఒక్కటీ మిగల్చకుండా తిన్నాడు. రొట్టెముక్కతో పళ్లెం ఊడ్చాడు. అప్పుడు నోరు విప్పాడు.

"ఏమంటాడే?" అంది గెనొవేవా.

"నిన్ను ఆదివారం బస్సెక్కించమంటున్నాడు. గొట్టం మాత్రం ఇక్కడే ఉండాలట. కరెంటు పనివాడిని పిలిచి సరైన ప్లగ్గు వేయిస్తాడట. అది పోతే నేనూ పోవచ్చట."

గెనొవేవా గొట్టం వంక చూసింది. చెల్లెలి వంక చూసింది. మళ్లీ గొట్టం వంక చూసింది.

"ఇందులో ఆలోచించడానికి ఏముందక్కా?"

"ఉండవే, ఆలోచించనీ."

ఆదివారం తేలికైన పెట్టెతో బస్సెక్కింది. బస్సు మా రాజధాని సోఫియా దాటేదాకా చెల్లెలి ఫోను ఎత్తలేదు.