ఖాళీ జాగాకు అడ్డగీత

ఇవాళ బ్యాంకులో నా ముందున్న ముసలమ్మ వేలిముద్ర వేసి, బొటనవేలిని గోడకు రాసుకుంది. స్టాంపు ప్యాడ్ సిరా వాసన ముక్కుకు తగలగానే ఖాజా సాబ్ గుర్తొచ్చారు. నిరుడు పోయారాయన. భద్రాచలంలో తహసీలు ఆఫీసు ఎదురుగా, రేకుల షెడ్డులో దస్తావేజులు రాసేవారు. డిగ్రీ అయ్యాక మూడేళ్లు నేనాయన దగ్గర టైపిస్టును.

ఆయన పద్ధతి నాకు చాదస్తంగా తోచేది. కాగితం చదివి వినిపించి ఊరుకునేవారు కాదు. ఏమిస్తున్నావు, ఎంత, ఎప్పటిదాకా అని అడిగి, వేలిముద్ర వేసే మనిషి చేతనే తిరిగి చెప్పించేవారు. ఆపైన రాత కింద మిగిలిన ఖాళీ జాగాకు అడ్డంగా గీత కొట్టేవారు, తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా. ఒకరోజు ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, అడవి ఊరి నుంచి వచ్చినామె తన చేనును సొంత మరిదికి కౌలుకిచ్చే కాగితం మీద నేనే ముద్ర వేయించేశాను. బస్సు పోతుందని ఆ మరిది ఒకటే తొందర. సాబ్ వచ్చి చూసి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. గీత లేదు. కౌలు ఎన్నేళ్లో కూడా లేదు. నేను ఊరుకుంటానా? డిగ్రీ చదివినదాన్ని, నాకా మాత్రం తెలియదా అని వాదనకు దిగాను.

"డిగ్రీ నీది బేటీ. భూమి ఆమెది. మల్ల టైప్ చెయ్యి."

చేశాను, గొణుక్కుంటూనే.

ఇన్నేళ్లకు నా ఉద్యోగమూ అలాంటిదే అయింది. ఒక కంపెనీవాళ్ల క్రిప్టో వాలెట్‌కు సారపాకలో ఇంట్లో కూర్చుని తెలుగు మాటలు రాస్తాను. ఫోన్‌లోని ఆ వాలెట్‌ను బయటి యాప్‌తో కలిపితే, ఆ యాప్ మన డబ్బు ముట్టుకోవచ్చా అని అడిగే స్క్రీన్ ఒకటి వస్తుంది. ఆ మాటలు నావేనని సాబ్‌కు గొప్పగా చూపించాను కూడా.

ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. షెడ్డు అమ్మిన డబ్బంతా ఆ వాలెట్‌లోనే పెట్టారట. వడ్డీ ఇస్తామన్న ఏదో యాప్‌తో కలిపారట. తెల్లారేసరికి వాలెట్ ఖాళీ. ఇన్ని ఊళ్ల బొటనవేళ్లకు కాపలా కాసిన మనిషి! ఏం చదివి నొక్కారని ఆయన మీదే విరుచుకుపడ్డాను.

"అనుమతించండి అని ఉండె. నీ మాటలే కద. నువ్వు ఖాళీ వదలవనుకున్న."

నా ఫోన్‌లో అదే స్క్రీన్ తెరిచాను. 'పరిమితి లేదు' అన్న మాట, అంటే ఉన్నదంతా తీసుకోవచ్చని, 'వివరాలు' బటన్ వెనకాల ఉంది. ఎప్పటిదాకా అన్నది అసలే లేదు. ఆ మాటలు రాసింది నేను, అలా ఉంటే చాలని కంపెనీకి సరే అన్నదీ నేను.

ఆ డబ్బు తిరిగి రాలేదు. కంపెనీతో నెలరోజులు పోట్లాడాను. ఏ యాప్, ఎంత, ఎప్పటిదాకా అన్నవి ముందే పెద్ద అక్షరాల్లో కనపడాలన్నాను. అనుమతి ఆ పనికి సరిపడా మాత్రమే ఉండాలి, ఇచ్చింది వెనక్కి తీసుకునే బటన్ పక్కనే ఉండాలి. అన్నీ చదవమంటే జనం మధ్యలోనే వదిలేసి పోతారన్నాడు మేనేజర్. పోతే పోనీ, అన్నాను.

చివరికి వాళ్లు ఒప్పుకుని తయారు చేసిన కొత్త స్క్రీన్ మొదట సాబ్ చేతికే ఇచ్చాను, ఉత్తుత్తి డబ్బుతో, అలాంటి వడ్డీ యాప్‌తోనే. అద్దాలు సర్దుకుని, పెదవులు కదుపుతూ చదివారు. వేలు గాలిలో ఆగింది.

"గింత అడుగుతుందా? నాకొద్దు," అని ఫోన్ నావైపు నెట్టేశారు.

మేనేజర్ లెక్కలో ఆయన మధ్యలో వదిలేసి పోయిన మనిషి. నేను మాత్రం రిపోర్టులో 'పనిచేస్తోంది' అని రాశాను. ఈనాటికీ ఏ స్క్రీన్ రాసినా, కనీసం ఒక్కరు చదివి వద్దని వెనక్కి నెట్టేదాకా అది పూర్తయిందని ఒప్పుకోను.