గడ్డంతో చూపించిన పిట్టలు

మొన్న మంగళవారం పొద్దున్న బోరు నీళ్లు పెట్టిన వరి ఆకుమడిలో విత్తనాలు జల్లుతుంటే మా చిన్నమ్మాయి గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా, టీచరమ్మ గారు పోయారు" అంది. గుప్పిట్లో విత్తనం గుప్పిట్లోనే ఉండిపోయింది. బురదకాళ్లతోనే వాళ్లింటికి వెళ్లాను. అక్కడ వాకిట్లో ఆవిడ గొడుగు ఎప్పట్లాగే తలుపు పక్కన ఆనించి ఉంది. అది చూశాక ఇక ఆగలేకపోయాను.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ని. రాయడం నాకు చేతకాదు. అయినా ఆ తల్లి గురించి నాలుగు ముక్కలు రాయకపోతే ప్రాణం ఊరుకోదు.

ఆవిడ మా ఊరి బళ్లో సైన్సు చెప్పేవారు. రిటైరయ్యాక కూడా ఆదివారం వచ్చిందంటే పిల్లల్ని వెంటేసుకుని పొలాల్లోకి బయలుదేరేవారు. తొలకరి పడగానే మా ఊరికి నత్తలు తినే కొంగలొస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది వాటికి. చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, చలి మొదలయ్యే వేళకి వెళ్లిపోతాయి. మా పెరట్లో చింతచెట్టు మీదైతే పెద్ద సంతే. అందుకని టీచరమ్మ గారు పిల్లల్ని దాని కిందికే తెచ్చేవారు. ప్రతి పిల్లాడి చేతిలోనూ గొడుగు ఉండాల్సిందే. వాన కోసం కాదు, రెట్టల కోసం. "గొడుగు తేనోడికి పైనించి తలంటేరా" అని నవ్వేవారు. ఆవిడ నల్ల గొడుగు మీద తెల్ల మరకలు ఎన్నేళ్లవో! కడిగేవారు కాదు.

ఇంకో నియమం కూడా ఉండేది. పిట్టని వేలితో చూపించకూడదు.

"యేలెత్తితే రాయి ఇసురుతన్నావనుకుంటాది. గెడ్డంతో సూపండ్రా" అనేవారు.

దాంతో ఊళ్లో పిల్లలందరికీ గడ్డం ఎత్తడం అలవాటైపోయింది. ఉప్పెక్కడుందే అని అడిగితే మా చిన్నమ్మాయి గోడలో గూటివైపు గడ్డం ఎగరేసేది. "ఏటే, సేతులు పడిపోనాయేటే నీకు?" అని వాళ్లమ్మ కేకలేసేది.

ఇక నా తప్పు సంగతి. దాచుకోను. మా పెద్దాడి పెళ్లి శ్రావణంలో వచ్చింది. పందిరి ఆ చెట్టు కిందే వెయ్యాలి. "పెళ్లికొడుకు నెత్తిన ఏటైనా పడితే ఏటి మర్యాద బావా?" అని చుట్టాలు ఎక్కేశారు. ఖాళీ నూనె డబ్బా తెచ్చి కర్రతో బాదాను. టపాకాయలు పేల్చాను. పెద్ద కొంగలు లేచిపోయాయి. ఎగరడం రాని పిల్లలు బెదిరి, గూళ్లలోంచి రాలిపడ్డాయి. అప్పటికి అయిదో తరగతిలో ఉన్న మా చిన్నది చచ్చిపోయిన కొంగపిల్లని పావడాలో వేసుకుని టీచరమ్మ గారింటికి ఏడుస్తూ పరుగెత్తింది.

ఆవిడ వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. పిల్లల చేత చెట్టు మొదట్లో గొయ్యి తీయించి, వాటిని కప్పెట్టించారు. వెళ్తూ వెళ్తూ నా వంక చూసి, "పెళ్లి బాగా సెయ్యి అన్నయ్యా" అన్నారు. అంతే. చెంప మీద కొట్టినా అంత నొప్పెట్టేది కాదు.

మరుసటి ఏడు ఊళ్లో అన్ని చింతచెట్ల మీదా కొంగలు వాలాయి, మా చెట్టు మీద తప్ప. మా ఆవిడ వాకిలి ఊడుస్తూ, "శుబ్బరంగా ఉన్నాది కదా మావా, సూసుకో మరి" అని దెప్పింది. పెరట్లోకి వెళ్లాలంటే సిగ్గేసేది.

అయినా ఆదివారం టీచరమ్మ గారు పిల్లల్ని ఆ ఖాళీ చెట్టు కిందికే తెచ్చారు. "రాని పిట్టల కోసం కూసోడం కూడా నేర్సుకోవాల" అన్నారు. నన్నూ పిలిచి కూర్చోబెట్టారు. "ఎందుకు రానేదో నువ్వే సెప్పు అన్నయ్యా. నాను సెప్తే తిట్టినట్టుంటాది."

చెప్పాను. డబ్బా సంగతి, టపాకాయల సంగతి, అన్నీ. ఒక బుడతడు, "మరి పెళ్లికి ఆటినీ పిలవాల్సింది కదా పెదనాన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది ప్రతి ఆదివారం పిల్లలతో పాటే కూర్చున్నాను.

ఆ పై ఏడు రెండు జంటలు వచ్చాయి. టీచరమ్మ గారు నా పక్కకి వచ్చి నిలబడి, పైకి గడ్డం ఎత్తారు.

అప్పట్నుంచి ఏటా తొలి కొంగని నేను చూడటం, పరుగెత్తుకెళ్లి ఆవిడకి చెప్పడం. ఈ ఏడు వాన ఆలస్యమైంది. ఆవిడ మంచానపడ్డారు. పోయేముందు ఆదివారం చూడ్డానికి వెళ్తే, కళ్లు తెరిచి, "వచ్చినాయా?" అన్నారు.

వచ్చాయనేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ "ఇంకా నేదమ్మా" అన్నాను.

సన్నగా నవ్వారు. "నీకు అబద్దం రాదు. అందుకే కదా ఆ ఏడు పిల్లల ముందర కూసోబెట్టినాను." మళ్లీ తనే, "నాను నేకపోతే ఆదివారం ఆపేత్తారేటి?" అన్నారు. ఆపమమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. రెండు రోజులకే వెళ్లిపోయారు. ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆవిడ కళ్లు చల్లగా మూసుకునేవారేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

శుక్రవారం వాన పడింది. శనివారం పొద్దున్నే కొంగలు వచ్చాయి. చెప్పులు తొడుక్కుని గుమ్మం దాటాక గుర్తొచ్చింది, చెప్పడానికి ఎవరూ లేరని.

నిన్న ఆదివారం. మా చిన్నమ్మాయి ఇప్పుడు అదే బళ్లో టీచరు. ఈ మాట రాస్తుంటే ఇంత దుఃఖంలోనూ నా గుండె పొంగిపోతోంది, ఏం చెయ్యను! పిల్లల్ని వెంటేసుకుని, టీచరమ్మ గారి గొడుగు పట్టుకుని అదే వచ్చింది. గొడుగు విప్పి, ఆవిడ ఎప్పుడూ నిలబడేచోట నేల మీద పెట్టింది. దాని కింద ఎవరూ కూర్చోలేదు. పైన రెక్కల చప్పుడైంది. పిల్లల గడ్డాలన్నీ ఒక్కసారే లేచాయి.

నేనూ గడ్డం ఎత్తాను, పక్కకు తిరిగి, ఆ గొడుగు వైపు.