దిమ్మె మీద ఐదు బొట్లు

కాశీకి తీసుకుపొమ్మని అడిగిన మనిషిని ఎవరూ పోని దేశానికి తీసుకుపోయినవాణ్ణి నేను. పొరపాటున కాదు. బాగా ఆలోచించి, అట్లాసు ముందేసుకుని, కళ్లజోడు తుడుచుకుని మరీ చేశాను. పుంగనూరు హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పినవాడికి భూగోళం తెలుసని ఊళ్లో అనుకునేవాళ్లు. నాకు తెలిసింది గోళమే. భూమి తెలియదు. ఆ భూమ్మీద నా పక్కనే నడిచే మనిషి అంతకన్నా తెలియదు.

ఆమె అడగడం మొదలుపెట్టింది తొంభైల్లో. మదనపల్లె ఆయన ఒకడు ఏటా వేసవిలో కాశీకి బస్సు వేసేవాడు. వంటమనిషి, గ్యాసు సిలిండరు, బియ్యం మూటలు, ఊరగాయ జాడీలు, అన్నీ ఆ బస్సులోనే. మార్చి రాగానే నోటు పుస్తకం చంకన పెట్టుకుని పుంగనూరు, సదుం, రామసముద్రం తిరిగి పేర్లు రాసుకునేవాడు. మా ఇంటికొస్తే, కాఫీ చల్లారేలోపలే మా ఆవిడ తన పేరూ నా పేరూ చెప్పేసేది. సాయంత్రం నేను పోయి కొట్టేయించేవాణ్ణి. ఒక ఏడు పదో తరగతి పేపర్లు దిద్దాలి. ఒక ఏడు ఎన్నికల డ్యూటీ. ఇంకో ఏడు జనాభా లెక్కలు. దేశంలోని జనాన్నంతా లెక్కపెట్టాను గానీ, ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

"వచ్చే ఏడు పోదాంలే" అనేవాణ్ణి.

"కాశీ యాడికీ పోదులే అయ్యోరూ" అనేది. ఊరంతా నన్ను అయ్యోరనే పిలిచేది. ఆమె ఆ మాటనే కొంచెం సాగదీసి నా గాలి తీసేది.

రెండు వేల సంవత్సరం దాటాక రిటైరయ్యాను. నాతో పాటే దిగిపోయిన లెక్కల అయ్యవారు సింగపూరు పోయొచ్చి, ఫొటోల ఆల్బం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మా ఇంట్లో చూపించిన రోజు నాకు అన్నం సయించలేదు. సరిగ్గా ఆ వారంలోనే బస్సాయన వచ్చాడు. ఈసారి చంకలో నోటు పుస్తకం లేదు. చేతిలో నున్నటి రంగుల కాగితం ఉంది.

"కాశీకి ఇప్పుడు వీధికొక బస్సుండాది సార్. సింగపూరుకా, మదనపల్లెలో సగం మంది పోయొచ్చినారు. నేనిప్పుడు ఎవురూ పోని దేశాలకే ఏస్తాండా" అన్నాడు. "ఇది సూడండి. ఊరికే పోతే లోపలికి రానీరంట. గుంపుగా పోతేనే వీసా. మీరు పాఠం సెప్పిన దేశమే గదా సార్?"

పాఠమంటే, దాని రాజధాని పేరొక్కటే చెప్పేవాణ్ణి. అదీ ఒక మార్కు ప్రశ్న. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు అట్లాసు తెరుస్తారు, తెరిస్తే నాలాగే చెడిపోతారు. బయటివాళ్లతో కలవని ఏకాంత దేశమని కాగితంలో ఉంది. ఏ కాంతను అడిగి ఒప్పుకున్నావని నన్నెవరైనా నిలదీసి ఉంటే బాగుండేది. ఎవరూ నిలదీయలేదు. వంటింట్లోంచి ఆమె ఒకటే అడిగింది.

"ఆడ గుడి ఏమన్నా ఉండాదా అప్పా?"

బస్సాయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. "పేద్ద విగ్రహముండాది అక్కా. దేశమంతా వచ్చి మొక్కుతాది."

అది అబద్ధం కాదు. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకోవడమే అబద్ధం.

పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబులు ఇంటికొచ్చినప్పుడు నేను లేను. "యాడికి పోతాండావమ్మా?" అని అడిగాడట. ఆ దేశం పేరు ఆమె నోరు తిరగలేదు. "కాశీకి" అనేసింది. "కాశీకి పాస్‌పోర్టు యాలమ్మా?" అని అతను నవ్వి పోయాడట. నేనీ సంగతి మా ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ ఆమె కూడా నవ్వేది, మొదటిసారి వింటున్నట్టుగా.

మొత్తం పద్దెనిమిది మందిమి. బస్సాయనకు కాశీ రోజుల అలవాటు పోలేదు. మనిషికొక నంబరు. ఎక్కినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి ఎవరి నంబరు వాళ్లు గట్టిగా పలకాలి. నాది పదకొండు, ఆమెది పన్నెండు. ముప్ఫై ఏళ్లు హాజరు పిలిచినవాణ్ణి అరవైకి దగ్గర పడ్డాక హాజరు పలికాను.

ఆ రాజధానిలో రోడ్లు పది బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. బండి మాత్రం మా బస్సొక్కటే. మేడలన్నీ తెల్లగా, కడిగి ఆరబెట్టినట్టున్నాయి. ఎక్కడ ఫొటో తీయాలో, ఎక్కడ తీయకూడదో, ఎక్కడ తల వంచాలో గైడమ్మ చెప్పేది. నలభై ఏళ్లుంటాయి, నాకన్నా చిన్నది, నా భార్యకన్నా సన్నది. మా బడిలో పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పినట్టే ఇంగ్లీషు మాట్లాడేది. మధ్యలో ప్రశ్న వేస్తే ఆగిపోయి, మళ్లీ పేరా మొదటికి పోయేది.

"ఈ ఊళ్లో జనం యాడికి పోయినారు?" అని అడగమంది మా ఆవిడ. అడిగాను. అందరూ పనిలో ఉన్నారని జవాబు.

"ముసలోళ్లు గూడానా?"

ఆ ప్రశ్న నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

రెండో రోజు పొద్దున విగ్రహం దగ్గరికి తీసుకుపోయారు. ఆ దేశపు పాత నాయకుడిది. కింద నిలబడితే ఆయన గడ్డం తప్ప ఇంకేమీ కనిపించదు. ఫొటో తీస్తే నిలువెత్తు మనిషీ పడాలి, చేతులో కాళ్లో తెగకూడదని గైడమ్మ రెండుసార్లు చెప్పింది. వరసగా నిలబడి పూలు పెట్టాం, తలలు వంచాం. అక్టోబరు నెల. గాలి ముక్కు కోసేస్తోంది. బస్సు ఎక్కుతూ పలకడం మొదలైంది. తొమ్మిది. పది. నేను పదకొండు అన్నాను. తర్వాత శబ్దం లేదు.

"పన్నెండు యాడ? పన్నెండూ!" అని బస్సాయన అరిచాడు.

వెనక్కి తిరిగి చూశాను. పన్నెండు విగ్రహం కాడే ఉంది. పాదాలు అందవు, వాటి కింద తెల్లటి పాలరాతి దిమ్మె అందింది. కుంకం భరిణె తీసి, వేలు తడిచేసుకుని, ఆ దిమ్మె మీద వరసగా ఐదు బొట్లు పెట్టి, చేతులు జోడించి కళ్లు మూసుకుని ఉంది. మనవాళ్లు కొత్త రుబ్బురోలుకూ పెడతారు, కొత్త సైకిలుకూ పెడతారు. దేశమంతా మొక్కే రాయికి ఎందుకు పెట్టకూడదో ఆమెకు ఎవరు చెప్పారు? తల వంచమని చెప్పారు గానీ బొట్టు పెట్టొద్దని చెప్పలేదు.

విజిల్ మోగింది. ముగ్గురు జవాన్లు పరుగెత్తుకొచ్చారు. తెల్లరాతి మీద ఎర్రటి చుక్కలు వాళ్ల కళ్లకు నెత్తురు చుక్కల్లా కనిపించి ఉంటాయి. గైడమ్మ ముఖం ఆ దిమ్మె కన్నా తెల్లబోయింది. ఈసారి పేరా మొదటికి కూడా పోలేకపోయింది.

మా ఆవిడ భయపడి, చెంగుతో తుడవబోయింది.

"తుడవొద్దమ్మా! తుడిస్తే ఇంకా లోపలికి తాగేస్తాది!" అని ఒకాయన బస్సులోంచి దూకాడు. కుప్పం దగ్గర శాంతిపురం మనిషి, సొంతంగా రాతి క్వారీ ఉంది. "మన గ్రానైటు గాదు ఇది, పాలరాయి. పౌడరుండాదా ఎవురి కాడన్నా? ముఖానికి పూసుకునే పౌడరు. ముద్ద చేసి పట్టించి ఆరనిస్తే రంగు పీలుస్తాది."

ఆడవాళ్ల చేతి సంచుల్లోంచి ఏడు పౌడరు డబ్బాలు బయటికొచ్చాయి. గైడమ్మ ఏం చెప్పిందో గానీ జవాన్లు అడ్డుపడలేదు. మా ఆవిడా, శాంతిపురం ఆయనా మోకాళ్ల మీద కూర్చుని, చల్లటి నీళ్లతో ముద్ద కలిపి, బొట్ల మీద పట్టించారు. ఆ చలిలో అది ఎంతకీ ఆరదు. ఆరినాక గీకడం, మళ్లీ పట్టించడం. మిగిలిన మమ్మల్నందరినీ బస్సులో కూర్చోబెట్టి తెరలు మూసేశారు. తెర సందులోంచి చూశాను. మా ఆవిడ మా పర్యటన వివరాలున్న రంగుల కాగితాన్ని విసనకర్ర చేసుకుని, ఆ నాయకుడి కాళ్ల కింద విసురుతోంది.

నాకు వేరే పని అప్పజెప్పారు. క్షమాపణ రాయాలి. గుంపులో ఇంగ్లీషు దస్తూరి బాగుండేది నాది. ఒక అధికారి ఎదురుగా కూర్చున్నాడు. బస్సాయన నా చెవిలో గొణిగాడు. "ఆయమ్మకు ఏమీ తెలీదని రాసేయండి సార్. మనం బయటపడాల గదా."

రాశాను. నా భార్య చదువులేని పల్లెటూరి మనిషి, లోకజ్ఞానం లేనిది, ఆమె చేసిన పనికి నేను సిగ్గుపడుతున్నాను అని, ఎక్కడా కొట్టివేత లేకుండా, కామాలతో సహా రాసి, కింద నా పేరు, నా హోదా పెట్టాను. ఆ కాగితం ఆ దేశంలో ఏదో బీరువాలో ఇప్పటికీ ఉండి ఉంటుంది. నా జీవితంలో పరదేశంలో అచ్చంగా నాదని మిగిలింది అదొక్కటే.

మధ్యాహ్నం దాటాక ఆమెను బస్సెక్కించారు. చేతులు నీలంగా ఉన్నాయి. ఐదు బొట్లలో నాలుగు పోయాయి. ఐదోది లేత గులాబీ రంగులో మిగిలిపోయిందట. ఆ అధికారి దాన్ని చాలాసేపు చూసి, వదిలేసి వెళ్లిపోయాడట.

"ఏమి రాయమన్నారు?" అని అడిగింది.

"మన్నించమని రాసినా."

"మంచిపని సేసినావు" అంది. చేతులు చెంగులో చుట్టుకుంటూ, ఎవరితోనూ కానట్టుగా చెప్పింది. "కాశీలో పెట్టాలనుకున్నెవి. ఇంగ మనం ఆడికి యాడ పోతాంలే అని ఈడ పెట్టేస్తి."

మరుసటి రోజు బస్సులో వేరే గైడు ఉన్నాడు. నిన్నటి ఆమె ఏదని అడిగితే పేరా మొదలుపెట్టాడు. మా ఆవిడ ఇంటికొచ్చాక కూడా చాలాకాలం, బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "ఆయమ్మకు ఏమైందో" అనేది.

టూరు పోయి మనూరు చేరాం. ఆమెతో పాటు దగ్గు కూడా చేరింది. దానికీ దీనికీ సంబంధం లేదు, ఊపిరితిత్తులు ముందునుంచే బలహీనమని మదనపల్లె డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకు చాలా కావాల్సి వచ్చింది గనక రెండుసార్లు చెప్పించుకున్నాను.

అసలు చెప్పుకోవాల్సిన తప్పు ఇంకొకటుంది. వచ్చిన నెలకే బస్సాయన మదనపల్లెలో ఒక హోటలు పైహాల్లో మీటింగు పెట్టి, నన్ను పిలిచాడు. తర్వాతి గుంపుకు జనాన్ని కూడగట్టాలి. లెక్కల అయ్యవారు కూడా వచ్చాడని తెలిసింది. అంతే, మైకు పట్టుకుని ముప్పావు గంట మాట్లాడాను. వెడల్పు రోడ్లు, తెల్ల మేడలు, క్రమశిక్షణ. బొట్ల సంగతి ఎత్తలేదు. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చేసరికి ఆమె గోడకానుకుని దగ్గుతోంది. "బాగా సెప్పినావా అయ్యోరూ?" అని అడిగింది. బాగా చెప్పానన్నాను.

మరుసటి ఏడు కాశీకి రైలు టికెట్లు చేయించాను, ఎవరి బస్సూ లేకుండా మేమిద్దరమే. ప్రయాణానికి వారం ముందు ఆమె మంచం దిగలేకపోయింది. టికెట్లు చేతిలో పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"వాపసు ఇచ్చేయి పో. నా కాశీ ఆడ్నే అయిపోయిందిలే" అంది.

వరండాలోకొచ్చి నిలబడ్డాను. ఆ చలికాలం దాటలేదు ఆమె.

ఏడాదిన్నర తర్వాత బస్సాయన మళ్లీ వచ్చాడు. పరామర్శ అయ్యాక, ఇంకో దేశం కాగితం తీశాడు. అది మొదటిదానికన్నా మూసుకున్న దేశం. "మీరొచ్చి నాలుగు మాటలు సెప్తే సాలు సార్. మీ మాటంటే జనానికి గురి." సరేనన్నాను. నేనంత తొందరగా ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదు.

అదే హాలు. ముప్ఫైకి పైగా జంటలు. మగవాళ్ల చేతుల్లో దరఖాస్తులు, ఆడవాళ్ల చేతుల్లో చేతిసంచులు. బస్సాయన నన్ను పరిచయం చేసి మైకు ఇచ్చాడు. నేను స్టేజీ దిగి మొదటి వరస దగ్గరికి పోయి, చివర కూర్చున్న ఆమె ముందు మైకు పెట్టాను.

"నీకు యాడికి పోవాలనుండాది తల్లీ?"

పక్కనున్న భర్త నోరు తెరిచాడు. "నిన్ను గాదప్పా" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి, సిగ్గుపడి చెప్పింది. "హోసూరుకు. మా అక్క ఉండాది. సూసి నాలుగేండ్లాయె."

పక్కనామె సముద్రమంది, దగ్గరికి పోయి చూడాలట. ఆ పక్కనామె పూరీ అంది. ఇంకొకామె మైకు లాక్కుని, "నాకు యాడికీ వొద్దు సార్. ఈయన్ని పంపించేయండి, నేను పది దినాలు ఇంట్లో హాయిగా ఉంటా" అంది. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "నాకెప్పుడూ సెప్పలేదే?" అన్నాడు. "నువ్వెప్పుడు అడిగితివి?" అందామె. ఆ ప్రశ్న మైకులో పడి నాలుగు గోడలకూ తగిలింది.

నాలుగో వరసలో ఒకామె కాశీ అంది. మైకు ఆమె చేతికే ఇచ్చి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని తీసుకున్నాను.

అప్పటికే జంటలు జంటలుగా వాదులాట మొదలైంది. ఇద్దరు ముగ్గురు దరఖాస్తులు మడిచి జేబులో పెట్టుకున్నారు. బస్సాయన నవ్వు ముఖం పోకుండా కాపాడుకుంటూ నా పక్కకొచ్చి, చెయ్యి చాపాడు.

"సాలు సార్. మైకు ఇచ్చేయండి."

"ఇంకా మూడు వరసలుండాయప్పా" అన్నాను.