చిట్టెమ్మ మెడలోని విజిల్

నిన్న మన గ్రూపులో చిట్టెమ్మ పాత ఇత్తడి విజిల్ ఫోటో పెట్టింది. కింద మీరంతా "మా లీడర్" అని రాసి మురిసిపోయారు.

అక్కుపల్లి తోటలో మన గైడ్స్ క్యాంపు గుర్తుందా? మంచుకు తడిసిన గుడారాలు, పొగ వాసన వేసే అన్నం, ఆఖరి పూట కాల్చి అందరికీ పంచడానికి టీచరుగారు నా చేతికిచ్చిన జీడిపిక్కల డబ్బా? అప్పుడు లీడర్‌ని నేను. ఆ విజిల్ నా మెడలో ఉండేది.

"టీచరుగారు అడుగుతన్నారే, డబ్బా ఇటియ్యి," అంది చిట్టెమ్మ. నా ప్రాణస్నేహితురాలు కదా అని ఇచ్చాను. తోట వెనక మీరంతా ఆ పిక్కలు కాల్చి, సగం కాలినవి పళ్లతో కొరికి తిన్నారు. పెంకులోని సొన తగిలి మీ అందరి పెదవులూ పొక్కాయి.

టీచరుగారు నిలదీస్తే చిట్టెమ్మ మూడు వేళ్లెత్తి గైడ్స్ ప్రమాణం చేసింది.

"నానెరగనండి. డబ్బా దానికాడే ఉందండి."

"మరి ఆ పెదాలేమిటే?"

"సలికి పగిలిపోనాయండి."

మీలో ఒక్కరూ నోరు విప్పలేదు. టీచరుగారు నా విజిల్ తీసి చిట్టెమ్మ మెడలో వేస్తే చప్పట్లు కూడా కొట్టారు.

ఫోటో కింద నేనేమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఎవరి పెదవులూ చలికి పగలలేదు.