దొరిచ్చిన గొంగడి

జంగయ్య మీద దొర పెట్టింది గొంగడి దొంగతనం కేసు.

పదకొండేళ్లు దొర దగ్గర జీతమున్నాడు జంగయ్య. పెండ్లికి అప్పు తెచ్చిన జొన్నల కింద పట్టిన జీతం అది. ఆ పెండ్లి భోజనం తిన్నవాళ్లలో సగం మంది కాటికి పోయారు గాని జీతం మాత్రం తీరలేదు. నందికొండ దగ్గర ఆనకట్ట పని మొదలైందని, ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పెడుతున్నారని విని, భార్య పుల్లమ్మతో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. భుజం మీది గొంగడి భుజం మీదే ఉంది. నెల తిరగకముందే పోలీసులు పట్టుకొచ్చారు.

ఏటేటా జీతగానికి ఒక గొంగడి, ఒక జత చెప్పులు ఇవ్వడం అక్కడి రివాజు. దొడ్లో ఉన్నన్నాళ్లూ అది దొర ఇచ్చిన గొంగడి. దొడ్డి దాటితే దొంగిలించిన గొంగడి.

వకీలు జానయ్యకు ఇలాంటిది ఇది మూడో కేసు. మొదటిది పార, రెండోది బర్రెదూడ. ఇద్దరు కక్షిదారులూ తీర్పు రాకముందే రాజీపడి, అదే దొడ్లో పేడ ఎత్తడానికి పోయారు. కల్వకుర్తి కోర్టు వరండాలో పెద్ద వకీళ్లు నవ్వారు. "ఏం వకీల్ సాబ్, గొంగడి కేసులకు గొర్రెనిస్తరా ఫీజు?"

జానయ్య నవ్వలేదు. ఇందాక దొర వరండాలోకి రాగానే తన కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి. దానికే ఒళ్లు మండుతోంది. కౌలుకు చేసే తన బాపు కూడా ఇట్లాగే లేచేవాడు. నల్లకోటు తొడిగినా ఆ మోకాళ్లు మారలేదు.

దొర గుమాస్తా బుచ్చయ్య జంగయ్య పక్కకు జరిగాడు. "జైలా, జీతమా? నువ్వే జెప్పురా. ఒప్పుకుంటే రేపటిసంది ఎప్పటిలెక్కనే కొట్టంల పండొచ్చు."

"నువ్వే పండు పో," అంది పుల్లమ్మ. "ఎడ్లకు జర తోడైతవ్."

కేసు పిలిచారు. మేజిస్ట్రేటు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు. బల్ల మీది గొంగడి చూపించాడు. "ఈ కంబళి ఎవరిదయ్యా?"

జంగయ్య చేతులు జోడించాడు. "మాదేముంది, నీ బాంచెను. దొరదే."

మేజిస్ట్రేటు కలం కదిలింది. దొర ముందు 'నాది' అనే మాట ఆ ఊళ్లో ఎవరూ అనరు. అది మర్యాద. కృష్ణా జిల్లా ఆయనకు అది నేరం ఒప్పుకోవడం.

"అయ్యా, నన్ను నాలుగు మాటలు అడగనివ్వండి," అన్నాడు జానయ్య. మేజిస్ట్రేటు తలూపాడు.

"జంగయ్యా, నీ గుడిసె ఎవలది?"

"దొరదే."

"కాలి చెప్పులు?"

"దొరయే."

"గా రెండు చేతులు?"

జంగయ్య చేతులు తిప్పి చూసుకున్నాడు. "దొర ఉప్పు తిన్నయి సారూ. దొరయే."

జానయ్యకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "మరి పుల్లమ్మ?"

జంగయ్య వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం దగ్గర నుంచి పుల్లమ్మ అరిచింది. "చెప్పు! గది గూడ చెప్పు, నేనూ ఇంట!"

"అది..." జంగయ్య తల ఎత్తాడు. "అది నా పెండ్లాం!"

"మరి గొంగడి?"

"దొరే ఇచ్చిండు. పోయినేడు జీతం కింద ఇచ్చిండు. నాకే ఇచ్చిండు సారూ, నాదే."

మేజిస్ట్రేటు దొర వైపు చూశాడు. "మీరిచ్చారా?"

"అందరికీ ఇస్తం," అన్నాడు దొర విసుగ్గా. "గదేమన్న కొత్తనా?"

మేజిస్ట్రేటు ముందు రాసిన వాక్యం కొట్టేశాడు. సాయంత్రానికి కేసూ కొట్టేశాడు.

జానయ్యకు గెలిచినట్టు లేదు. ఒక మగాణ్ని నలుగురిలో నిలబెట్టి, నీ భార్య ఎవరిదని అడిగితే తప్ప న్యాయం కదలలేదు. వరండా బెంచీ మీద కూలబడ్డాడు.

దొర బయటికి వస్తున్నాడు. వకీళ్లంతా లేచారు. జానయ్య రెండు చేతులతో బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. మెట్ల కింద దొరను చూడగానే జంగయ్య చెయ్యి అలవాటుగా, కోర్టు తిరిగిచ్చిన భుజం మీది గొంగడి తీయబోయింది. పుల్లమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది.

"ఉండనియ్యి."