ఆర్మెల్ ముక్కు

ఫ్రాన్స్‌లోని నాంత్‌లో ఉండే ఆర్మెల్ భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూర్చోడు. చవక వైట్ వైన్ సీసా తెరిచి, మేకపాల చీజ్ ముక్క నాలుక మీద పెట్టుకుని ఓ గుక్క తాగుతాడు. లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చి, ఏ తిండిలోకి ఏ వైన్ నప్పుతుందో చూడాలని ఇంకో సీసా తెరుస్తాడు. చలికాలంలో జ్వరపడి లేచినప్పటి నుంచి అతనికి వాసనలు తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఆల్చిప్పల భోజనానికి బావమరిది ఇవోన్ వచ్చాడు. ఆర్మెల్ గ్లాసు ఊపి ముక్కు దగ్గర పెట్టుకుని, "నిమ్మపూల వాసన! ఆల్చిప్పల్లోకి దీన్ని మించింది లేదు బావా!" అన్నాడు. భార్య నోల్వెన్ ఓ గుక్క తాగింది. తడిసిన అట్టపెట్టె కంపు; వైన్ పాడైపోయింది. ఇవోన్ గ్లాసెత్తబోతుంటే చటుక్కున లాక్కుంది.

"కారు నడపాలి, నీకెందుకురా ఇది?" అంటూ అదీ తనే తాగేసింది. తర్వాత భర్త వైపు వంగి, "ఇకనుంచి వాసన నేను చెప్తాలే," అంది మెల్లగా.